వెనక సీట్లో అన్నపూర్ణక్క

ఆటోమొబైల్ డిప్లొమా పూర్తిచేసిన ఇద్దరు అమ్మాయిలు మొన్న గుణదలలో మా ఇంటికొచ్చారు. కార్ల సస్పెన్షన్ పనిలోకి వెళ్దామనుకుంటున్నారట. "ముఖ్యంగా నేర్చుకోవాల్సింది ఏంటండీ మేడం?" అని అడిగారు. కాఫీ ఇచ్చి, ఏదో నాలుగు ముక్కలు చెప్పి పంపించాను. వాళ్లు గేటు దాటాక నాకే సిగ్గనిపించింది. నేను చెప్పినవన్నీ వాళ్ల పుస్తకాల్లో ఉన్నవే. అసలు చెప్పాల్సింది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను పనిచేసింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒకే ఒక్క వర్క్‌షాపులో. చుట్టూ లారీల కింద ఉండే ఇనప పట్టీల కమాన్ కట్టలు సరిచేసే షెడ్లు, మధ్యలో కార్ల సస్పెన్షన్ పని మాత్రమే చేసే మా షాపు. డిప్లొమా చేత్తో పట్టుకుని చేరాను, సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మధ్యలో జీతం ఎప్పుడు పెరిగిందో, కుర్చీ ఎప్పుడు మారిందో మీకు అనవసరం.

మా సార్

షాపు ఓనరు రత్నం గారు. ఉయ్యూరు దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. చెరుకు బళ్లూ ట్రాక్టర్లూ బాగుచేస్తూ పట్నం వచ్చేశారు. నాకు పని నేర్పింది ఆయనే. కస్టమరు కారు గేటులోకి వచ్చేలోపే, ఆ శబ్దం విని "ఎడమ పక్క ముందు బుష్ పోయింది, థెరీసా, రాసుకో" అనేవారు. విప్పి చూస్తే ఆ రబ్బరు బుష్షే అరిగిపోయి ఉండేది.

ఆయన గురించి మంచే కాదు, ఉన్నదున్నట్టు చెబుతాను. బండి చెప్పేది పూర్తిగా వినేవారు. మనిషి చెప్పేది మాత్రం సగంలోనే ఆపేసేవారు. కస్టమరు "కారు కొంచెం..." అనగానే "నాకు తెలుసు లెండి" అనేసేవారు. చాలాసార్లు నిజంగానే తెలిసేది కాబట్టి ఆ అలవాటు తప్పని మాకెవరికీ అనిపించలేదు.

ఆయన భార్య అన్నపూర్ణ గారు. నేను చేరిన కొత్తల్లో షాపులో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆవిడ సార్‌కి పంపే క్యారేజీలో నాకూ ఒక గిన్నె పెట్టేది. అప్పట్నించీ నాకు ఆవిడ అక్క.

రాలిపడ్డ స్ప్రింగు

కార్లు నేలకి దించుకునే సరదా మన ఊళ్లో ఎప్పట్నించో ఉంది. ఒకప్పుడు సినిమాలు చూసి, ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసి. "కారు డౌన్ చేయించాలండీ" అని వచ్చేవాళ్లు.

భవానీపురం నుంచి ఒక పెళ్లికొడుకు వచ్చాడు. పెళ్లి ఇంకా కాలేదు, ముహూర్తం దగ్గర పడింది. కారు అప్పటికే ఎక్కడో కిందికి దింపించుకున్నాడు. వెనకనుంచి ఏదో టకటకమంటోందని మా దగ్గరికి తెచ్చాడు. లిఫ్టు మీద పైకెత్తాం. చక్రాలు గాల్లో వేలాడగానే వెనక స్ప్రింగు దాని గూట్లోంచి జారి, టంగుమని సిమెంటు నేల మీద పడి దొర్లింది.

  స్ప్రింగు పై చుట్టు గ్యాస్ కట్టరుతో కోసేశారు. పొట్టిదైపోయిన స్ప్రింగు కారు బరువు మీదే నిలబడి ఉంది తప్ప, దాన్ని పట్టుకున్నది ఏదీ లేదు. కారు ఏ గుంటలోనో పడి చక్రం కిందికి వేలాడితే చాలు, రోడ్డు మీదే జారిపోయి ఉండేది.

సార్ ఆ స్ప్రింగుని తీసి పెళ్లికొడుకు చేతిలో పెట్టారు.

"ఇది పట్టుకో. దీని మీదే బాబూ, రేపు నీ పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని తిరగబోయేది."

 సార్ మా వైపు తిరిగి, "మన షాపులో గ్యాస్ కట్టరు స్ప్రింగుని ముట్టుకోకూడదు. ఎవరు అడిగినా సరే. నేను అడిగినా సరే" అన్నారు. ఆ మాట మాకు శాసనం.

దించితే ఏమవుతుంది

ఈ పనికి కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. చక్రానికీ కారుకీ మధ్య ఉన్న ఖాళీ ఊరికే లేదు. గతుకు వచ్చినప్పుడు చక్రం ఆ ఖాళీలోకి లేస్తుంది, కారు కదలకుండా ఉంటుంది. కారుని కిందికి దించారంటే ఆ ఖాళీని తినేశారన్నమాట. స్ప్రింగు కోస్తే అది పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది కూడా. ఆ ఖాళీ అంతా తీరిపోయాక ఇనుముకి ఇనుము తగలకుండా చివర్లో ఒక రబ్బరు ముక్క ఉంటుంది. దాన్నే బంప్ స్టాప్ అంటాం. మామూలు కారులో అది ఎప్పుడోగానీ తగలదు. అడ్డదిడ్డంగా దించిన కారులో ప్రతి స్పీడ్ బ్రేకరుకీ తగులుతుంది. తగిలినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా సీటులోకి, సీట్లో ఉన్న మనిషి వెన్నులోకి వెళ్తుంది.

అలాగని దించడమే తప్పని నేననను. పద్ధతిగా, కొద్దిగా, దానికి తగ్గ స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ కలిపి మారిస్తే సుఖం పెద్దగా పోదు. కానీ ఎంత దించితే ఎంత సుఖం పోతుందో లెక్క చూడాల్సింది డ్రైవరు సీట్లోంచి కాదు. రెండు ఇరుసుల మధ్యన ఉండే ఆ సీటుకి కుదుపు తక్కువ. వెనక సీటు దాదాపు చక్రాల మీదే ఉంటుంది. ఇది నాకు డిప్లొమాలోనే తెలుసు. సార్‌కి నాకంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఏమైందో వినండి.

సార్ కారు

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు అన్నపూర్ణక్కకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పూర్తిగా పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, తలూపుతుంది, కానీ నోట్లోంచి "ఆఁ" అన్న శబ్దం తప్ప ఇంకేమీ రాదు. నేను చూడ్డానికి వెళ్తే ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

గవర్నర్‌పేటలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లాల్సి వచ్చేది. సార్ షాపుకి స్కూటరు మీదే వచ్చేవారు, ఇంట్లో ఉన్నది ఎత్తైన పెద్ద కారు. అక్క ఎక్కలేకపోయేది. సార్ ఒకపక్క, ఆయా ఒకపక్క చంకల్లో చేతులేసి ఎత్తి లోపల పెట్టేవాళ్లు. పటమటలో వాళ్లిల్లు రోడ్డు మీదికే. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. జీవితమంతా చీర కుచ్చిళ్లు చెదరకుండా తిరిగిన మనిషి అక్క. ఆ చూపులకి కళ్లు గట్టిగా మూసుకునేదని సార్ నాతో ఒకసారి అన్నారు. అని, మాట మార్చేశారు.

తర్వాత కొన్నాళ్లకి, మా పక్క షెడ్డులో పెయింటరు కూతురి పెళ్లి ఉయ్యూరు అవతల ఒక పల్లెలో. ఆ రోజు ఆయా రాలేదు. "థెరీసా, నువ్వు మా కారులో రామ్మా, మీ అక్క పక్కన కూర్చుందువుగాని" అని సార్ ఫోన్ చేశారు. పటమట వెళ్లేసరికి కారు గుమ్మం ముందుంది. దాన్ని చూసి నేను ఆగిపోయాను.

కారు కిందికి దిగిపోయి ఉంది. చక్రాల మీద ఉండాల్సిన జాగా లేదు.

ఇంతలో అక్క కర్ర పట్టుకుని బయటికొచ్చింది. కారుకి వీపు ఆనించి, ఎడమ చేత్తో తలుపు పై అంచు పట్టుకుని, మెల్లగా సీటు మీద కూర్చుంది. కాళ్లు తనే ఒక్కొక్కటీ లోపలికి పెట్టుకుంది. ఎవరూ ముట్టుకోలేదు. కూర్చుని నా వైపు చూసి నవ్వింది.

"చూశావా!" అన్నారు సార్. ముఖం వెలిగిపోతోంది. "ఇప్పుడు ఎవరి సాయం అక్కర్లేదు."

"సార్, స్ప్రింగులు..."

"నాకు తెలుసులే."

"కోశారా సార్?"

ఆయన డ్రైవరు సీటు వైపు నడుస్తూ, "ఆదివారం షాపు మూసినప్పుడు నేనే చేసుకున్నాను. పద్ధతిగానే బిగించాను. జారదు. మెల్లగా నడుపుతాను కదా" అన్నారు.

 పెళ్లికొడుకు చేతిలో స్ప్రింగు పెట్టిన మనిషి. "నేను అడిగినా సరే" అన్న మనిషి.

కంకిపాడు దాటాక

బందరు రోడ్డు మీద ఉన్నంతసేపూ ఫర్వాలేదు. కంకిపాడు దాటి కొంతదూరం పోయాక పెయింటరు వాళ్ల ఊరికి కాలవ గట్టు రోడ్డు పట్టాం. ఒకపక్క నిండా పారుతున్న కాలవ, ఇంకోపక్క వరి చేలు. ఊరూరికీ స్పీడ్ బ్రేకరు, బడి ముందొకటి, గుడి ముందొకటి, చర్చి ముందొకటి.

మొదటి దానికే వెనక సీటు కింద దబ్‌మని కొట్టింది. ఆ దెబ్బ నా నడుములోంచి మెడ దాకా పాకింది. సార్ నిజంగా మెల్లగానే నడుపుతున్నారు. అయినా అంత దెబ్బ. నేను ఉలిక్కిపడి పక్కకి చూశాను.

అక్క ఎడమ చేత్తో తన కుడి భుజాన్ని అదిమి పట్టుకుని ఉంది. పళ్ల మధ్య పమిట కొంగు. కళ్లు మూసుకుని ఉంది, రెప్పల కిందనుంచి నీళ్లు కారుతున్నాయి. పక్షవాతం వచ్చిన భుజం కీలుకి పట్టు ఉండదు, ప్రతి కుదుపుకీ చెయ్యి బరువంతా దాన్ని కిందికి లాగుతుంది. రెండో స్పీడ్ బ్రేకరుకి ఆవిడ గొంతులోంచి "ఆఁ, ఆఁ" అని వచ్చింది.

ముందునుంచి సార్ అద్దంలో చూశారు. ఎంతో ప్రేమగా, "ఊరుకో అన్నపూర్ణా. ఊరుకో మరి" అన్నారు. మళ్లీ నాతో, "కారెక్కితే చాలమ్మా, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఇన్నాళ్లూ నాలుగు గోడల మధ్య ఉండిపోయింది కదా. బయటి గాలి తగిలేసరికి ఆనందం ఆపుకోలేకపోతోంది" అన్నారు.

  ఆటోనగర్‌లో అందరికంటే గొప్ప చెవి ఉన్న మనిషి, తన భార్య నొప్పితో అరుస్తుంటే ఆనందం అనుకుంటున్నాడు. ఒకరోజు కాదు. గవర్నర్‌పేటకి వెళ్లిన ప్రతిసారీ. ఆ భుజం నొప్పి ఎందుకు తగ్గడం లేదో అర్థం కావడం లేదని ఫిజియోథెరపిస్టు అంటున్నాడని వారం కిందటే సార్ నాతో చెప్పారు.

"ఆపండి సార్. కారు ఆపండి" అన్నాను. 

కాలవ గట్టు మీద ఆపారు. ఆయన దిగి వెనక్కి వచ్చేలోపు నేను అక్క చెయ్యి పట్టుకుని అడిగాను.

"అక్కా, ఇది నొప్పేనా?"

తలూపింది.

"ఇన్నాళ్లూనా?"

తలూపింది.

"మరి బాగుందా అని సార్ అడిగితే ఎందుకు తలూపారు?"

ఆవిడ కొంగు వదిలి, ఎడమ చేత్తో తలుపు పై అంచుని చూపించింది. తర్వాత తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత రెండు చంకల కింద ఎవరో ఎత్తుతున్నట్టు చూపించి, వద్దు వద్దని గట్టిగా తల అడ్డంగా ఊపింది.

తనంతట తాను ఎక్కడానికి ఆ నొప్పి పడుతోంది. తెలిసే పడుతోంది. మేం స్ప్రింగులూ కొలతలూ అంటూ వేసే లెక్కని ఆవిడ నోరు లేకుండా ఒంటి మీద వేసుకుని మోస్తోంది. సార్ తలుపు దగ్గర నిలబడి అంతా చూశారు.

"ఏంటమ్మా, ఏమంటోంది?"

నేను దిగి, "మీరు వెనక కూర్చోండి సార్, అక్క పక్కన. నేను నడుపుతాను" అన్నాను.

"నాకు తెలుసు..."

"మీకు తెలీదు సార్. కూర్చోండి."

అన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడ్డం అదే మొదటిసారి. ఆయన వెనక తలుపు తీసుకుని ఎక్కారు.

నేను ఆయనలాగే మెల్లగా నడిపాను. బడి ముందు స్పీడ్ బ్రేకరు దాటించాను. దబ్‌మంది. అక్క "ఆఁ" అంది. ఇంకొకటి దాటించాను. అద్దంలో చూస్తే సార్ కళ్లు పెద్దవై ఉన్నాయి. ఆయన రోడ్డు కేసి చూడ్డం లేదు, ఆవిడ కేసి చూస్తున్నారు. దెబ్బ తన నడుముకి తగిలిన క్షణంలోనే ఆవిడ ముఖం ఎలా మారుతోందో చూస్తున్నారు.

"చాలమ్మా" అన్నారు. కాసేపటికి మళ్లీ, "చాలు, ఆపెయ్" అన్నారు.

ఆయన ఏడవలేదు. దిగి, కారు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఆ స్ప్రింగు వైపు చూస్తూ ఉండిపోయారు. పెళ్లికి ఆలస్యంగా వెళ్లాం. భోజనం దగ్గర ఆయన అన్నం కలపడం చూశాను గానీ తినడం చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు అక్క భుజం కింద నా చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా సార్ కారుని దాదాపు ఆపేసి, ఒక్కొక్క చక్రాన్నీ మెల్లగా దింపుతూ ఇంటిదాకా తెచ్చారు.

చెయ్యి చెప్పినట్టు

మర్నాడు షాపుకి వచ్చి, "కంపెనీ స్ప్రింగులు వేసేద్దాం. ఎత్తు ఎంతుంటే అంత. నేను ఎత్తి కూర్చోబెట్టుకుంటాను" అన్నారు.

"అది అక్కకి ఇష్టం లేదు కద సార్."

"మరి ఏం చేద్దాం?"

ఆయన నన్ను అలా అడగడం, అడిగి జవాబు కోసం ఆగడం కూడా నాకు షాకే. చెప్పానుగా, సగంలో ఆపే మనిషి.

కోసిన స్ప్రింగులు తీసి పక్కన పడేశాం. కొంచెం మాత్రమే పొట్టిగా ఉండే కొత్త స్ప్రింగులు తెప్పించాం. ఒక చివర చుట్లు దగ్గరగా, ఇంకో చివర దూరంగా ఉండే రకం. చిన్న గతుక్కి మెత్తగా ఉంటాయి, పెద్ద దెబ్బకి గట్టిపడతాయి. వాటికి తగ్గ షాక్ అబ్జార్బర్లు, కొత్త బంప్ స్టాపులు. సార్ ఆ రబ్బర్లని కూడా సగానికి కోసేసి ఉన్నారు, చక్రానికి జాగా మిగల్చాలని. విప్పినప్పుడు వాటిని చూసి ఆయనే చూపు తిప్పుకున్నారు. టైర్లలో గాలి కూడా తగ్గించాం. గట్టిగా గాలి కొట్టిస్తే మైలేజీ వస్తుందని ఎక్కించి ఉన్నారు.

ఇంత చేసినా కారు అక్కకి ఇంకా ఎత్తే. అందుకని తలుపు కింద వెడల్పాటి మడత ఫుట్‌బోర్డు, పట్టుకోవడానికి ఎడమ చేతికి అందేలా ఒక పిడి బిగించాం. కారు దించితే తప్ప తీరదనుకున్న ఇబ్బందిని మెట్టుతో తీర్చాం. మీరు కూడా గుర్తుపెట్టుకోండి. అన్నీ స్ప్రింగుతోనే సాధించాలన్న పట్టుదల మన వృత్తిలో చాలామందిని పాడుచేసింది. ఇంకో పని, ఆవిడ కూర్చునే చోటు ముందు సీటుకి మార్చాం. సీటు వెనక్కి జరిపితే కాళ్లకి జాగా, ఒరిగిపోకుండా బెల్టు, భుజం కింద దిండు.

తర్వాత పరీక్ష. సార్ నడిపారు, నేను వెనకనుంచి చెయ్యి ముందుకి చాపి అక్క ఎడమ చెయ్యి పట్టుకున్నాను. "నొప్పేస్తే గట్టిగా నొక్కండక్కా" అని చెప్పాను. పటమట వీధుల్లో తిరిగాం. ఆవిడ నొక్కితే నేను "సార్" అనేదాన్ని, ఆయన ఆపేవారు, షాపుకి వెళ్లి షాక్ అబ్జార్బరు బిగువు మార్చేవాళ్లం. అలా చాలాసార్లు తిరిగాం. ఒకసారి నాకు చాలా బాగుందనిపించింది, సార్‌కీ బాగుందనిపించింది, అక్క మాత్రం నా వేళ్లు విరిగేలా నొక్కింది. ఇద్దరం వాదించకుండా మళ్లీ విప్పాం.

ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టడానికి ఆవిడకి కొన్నాళ్లు పట్టింది. ఒకసారి తూలింది కూడా. సార్ పట్టుకోబోతే కర్ర ఎత్తి ఆపింది.

మళ్లీ అదే గట్టు

పెయింటరు కూతురు పురిటికి వచ్చి, పిల్లాడు పుట్టాడని కబురొచ్చింది. బారసాలకి ముగ్గురం వెళ్లాం. కారులో అక్క తనే ఎక్కింది, ముందు సీట్లో. సార్ నడుపుతున్నారు. నేను వెనక.

కాలవ గట్టు ఎక్కాం. స్పీడ్ బ్రేకరు మీద కారు ఒకసారి లేచి, మెత్తగా దిగింది. ఇంకొకటి. నేను వెనకనుంచి అక్క ముఖం చూడలేకపోతున్నాను. సార్ కూడా రోడ్డు మీదే చూపు పెట్టి, ఒళ్లంతా చెవి చేసుకుని నడుపుతున్నారు. బడి దాటాం, గుడి దాటాం. ఒక్క శబ్దం లేదు ఆవిడ నుంచి.

కాస్త దూరం పోయాక సార్ పక్కకి తిరిగి చూశారు. వెంటనే కారు కీచుమని గట్టు మీద ఆగిపోయింది. అక్క తల పక్కకి వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లోంచి జారి వేలాడుతోంది.

"థెరీసా!" అని అరిచారు ఆయన. "మీ అక్క... కదలడం లేదు థెరీసా! అన్నపూర్ణా! అన్నపూర్ణా!"

 మళ్లీ స్ట్రోకు వచ్చిందనుకున్నాను. బెల్టు విప్పుకుని సీట్ల మధ్యనుంచి ముందుకి వంగి ఆవిడ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వేడిగా, నిదానంగా ఊపిరి తగిలింది. ఇంకొంచెం దగ్గరికి వంగితే సన్నటి గురక వినిపించింది.

"సార్," అన్నాను, "నిద్రపోతోంది."

ఆయనకి అర్థం కాలేదు. "ఏంటి?" అన్నారు.

"నిద్రపోతోంది సార్. అక్క నిద్రపోయింది."

ఆయన రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, తల వాటి మీద ఆన్చేశారు. భుజాలు కదులుతున్నాయి. వెనక ఒక ట్రాక్టరు వచ్చి ఆగి హారన్ కొట్టడం మొదలెట్టింది.

ఆ హారన్‌కి అక్క కళ్లు తెరిచింది. ముందు కాలవ కేసి చూసింది, తర్వాత స్టీరింగు మీద తలపెట్టుకున్న మొగుడి కేసి చూసింది. మంచి నిద్ర చెడగొట్టినందుకు నుదురు చిట్లించి, ఎడమ చెయ్యి ఎత్తి ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, రోడ్డు వైపు ఊపింది, పోనియ్ అన్నట్టు.

ఆయన కళ్లు తుడుచుకుని గేరు వేశారు. ఊరు చేరేలోపు అక్క మళ్లీ నిద్రపోయింది.